ముందు బయటికి దారి

కరపత్రాల కట్టను నిలబెట్టి బల్ల మీద రెండుసార్లు కొట్టాడు బైండరు. పక్కకు తిప్పి మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. అంచులు నాలుగూ కత్తితో కోసినట్టు కలిశాయి. ముప్పై నాలుగేళ్ళుగా గ్రంథాలయంలో పుస్తకాలు కుడుతున్న చేతులవి. కాగితం కనిపిస్తే చాలు, అడగకుండానే పనిలో పడతాయి. కుడి బొటనవేలి గోరు పక్కన జిగురు ఎండి పసుప్పచ్చగా పొరకట్టి ఉంది. సబ్బుకి అది లొంగదు. ఆయన కూడా దాని జోలికి పోవడం మానేసి చాలా కాలమైంది.

మూడు రోజుల ప్రదర్శనలో ఇది ఆఖరి రోజు. ఎదుటి వరసలో పెద్ద కంపెనీ స్టాలుంది. నిలువెత్తు తెరలు, మెత్తటి సోఫాలు, నవ్వడానికే ఉద్యోగంలో పెట్టుకున్నట్టుండే నలుగురు మనుషులు. ఇటుపక్క బైండరుకి ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక లాప్‌టాప్, వాటి ముందు ఒక లావుపాటి స్తంభం. అద్దె కట్టలేని వాళ్ళకి ఎప్పుడూ స్తంభం వెనకే చోటిస్తారు. ఆనుకోవడానికి బాగుంటుందంటాడు బైండరు. నిజంగానే ఆనుకుంటాడు కూడా.

ఆయన నిలబడి చెప్పేది గ్రంథాలయాలకు పనికొచ్చే ఒక సాఫ్ట్‌వేర్ గురించి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉంది, ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చివ్వాలి, అన్నీ అది చూసుకుంటుంది. దాన్ని కంపెనీ ఏదీ తయారు చేయలేదు. ఎక్కడెక్కడో ఉన్న అరవై మంది తలా ఒక చెయ్యి వేసి రాశారు. లోపలి కోడ్ అంతా బాహాటంగా ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. బైండరుకి కోడ్ ఒక్క ముక్క రాదు. రాసినవాళ్ళేమో నలుగురి ముందు నోరు విప్పమంటే స్తంభం చాటున దాక్కునే రకం. అందుకని పద్నాలుగేళ్ళుగా తన సెలవులన్నీ పెట్టి ఈయనే ఊరూరా నిలబడుతున్నాడు. ఇంట్లో ఆవిడ ఆ సాఫ్ట్‌వేర్‌కి సవతి అని పేరు పెట్టింది. “సవతిని ఊరేగించడానికి బయల్దేరారా” అంటూనే మోకాళ్ళకు రాసుకునే మందు సంచిలో సర్దుతుంది.

ఆయనకొక పద్ధతుంది. స్టాలుకి ఎవరొచ్చినా, ఈ సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి ఎలా వెళ్ళిపోవాలో మొట్టమొదట చూపిస్తాడు. ఒక బటన్ నొక్కితే కేటలాగు మొత్తం మామూలు ఫైలుగా బయటికొస్తుంది. దాన్ని పట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

“పెళ్ళిచూపుల్లోనే విడాకుల కాగితం చూపిస్తారేంటి బాబాయ్” అంటుంది ప్రోగ్రామరు. ఆ అరవై మందిలో ఆమె ఒకతె. ఇద్దరు పిల్లల తల్లి. ఈసారి స్టాలుకి తోడొచ్చింది.

“నచ్చితే ఉంటారమ్మా. తలుపుకి గొళ్ళెం పెట్టి కూర్చోబెడితే అదేం కాపురం?”

ఈ మాట ఊరికే పుట్టలేదు. పదహారేళ్ళ కిందట వాళ్ళ గ్రంథాలయం వేరే సాఫ్ట్‌వేర్ వాడేది. దాన్ని అమ్మిన కంపెనీ ఒక రోజు చెప్పా పెట్టకుండా మూతపడింది. పదకొండు వేల పుస్తకాల వివరాలు దాని కడుపులోనే ఉండిపోయాయి. బయటికి తీసే దారి లేదు. లైబ్రేరియనూ బైండరూ ఏడు నెలలపాటు ఒక్కొక్క పుస్తకమూ తెరిచి, చూసి, మళ్ళీ మొదటినుంచి ఈ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. మొదటి నెలలో బైండరుకి కోపమొచ్చింది. మూడో నెలలో ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు, పుస్తకాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఇవాళ పదకొండు గంటలకి గ్రంథాలయాల డైరెక్టరు వస్తోంది. ఆవిడ చేతికింద మూడు వందల నలభై గ్రంథాలయాలున్నాయి. అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టాలి. ఎదుటి కంపెనీదా, స్తంభం వెనకదా అన్నది ఇవాళ తేలిపోతుంది. బైండరు పొద్దున గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. మూడు వందల నలభై చోట్ల ఏ ఒక్కరికీ ఆ ఏడు నెలలు రాకూడదు. ఆయనకి కావలసింది అంతే.

డైరెక్టరు చెప్పిన వేళకే వచ్చింది. ఎదుటి స్టాలు సోఫాలో నలభై నిమిషాలు కూర్చుంది. తర్వాత లేచి, స్తంభాన్ని చుట్టుకుని ఇటు వచ్చింది.

“నాకు పది నిమిషాలే టైముంది. ఏం చూపిస్తారు?”

“ముందు దీన్ని ఎలా వదిలించుకోవాలో చూపిస్తాను మేడమ్.”

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ఆయన మొహంలోకి చూసింది. బైండరు బటన్ నొక్కాడు. ఫైలు వచ్చింది. తెరిచాడు. ఖాళీ. ఇంకోసారి నొక్కి తెరిచాడు. మళ్ళీ ఖాళీ.

ప్రోగ్రామరు మొహంలో నెత్తురు చుక్క లేదు. తప్పు ఆమెదే. ఇవాళ తెల్లవారుతుండగా కొత్త వెర్షన్ తయారైంది. ముద్దొచ్చి, దాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించేసింది. నిన్నటిదాకా బంగారంలా పనిచేసినదాన్ని సరిగ్గా చూపించాల్సిన రోజునే మార్చడం ఈ కోడ్ రాసేవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. కొత్తది చేతిలో ఉండగా పాతది చూపించమంటే వాళ్ళకి ముద్ద దిగదు.

ఎదుటి స్టాలులో ఎవరో నవ్వారు. బైండరు చెవులు వేడెక్కాయి. ఎన్ని వేలమందికి చెప్పాడో ఈ మాట. పైగా చెప్పిన ప్రతిసారీ నొక్కి చూపించాడు. ఇప్పుడు నెట్ సరిగ్గా లేదనొచ్చు. సాయంత్రం రమ్మనొచ్చు. ముందు వేరేవి చూపించి మాట మార్చనూ వచ్చు. అలాంటి మాటలు ఆయనకూ వచ్చు, పద్నాలుగేళ్ళుగా చుట్టుపక్కల స్టాళ్ళలో వింటూనే ఉన్నాడు. బైండరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మేడమ్, నేను చెప్పిన మాట ఇప్పుడు అబద్ధమైంది. ఈ తలుపు తెరుచుకోవడం లేదు. ఇది తెరుచుకునేదాకా ఇంకేదీ చూపించను.”

“మరి నా పది నిమిషాలు?”

“అవి మీవి. వెళ్ళిపోతానన్నా తప్పు పట్టను.”

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది. “చెడిపోతే ఎలా బాగు చేస్తారో కూడా నేను చూడాలి కదా. కానివ్వండి.”

ప్రోగ్రామరు కోడ్ తెరిచింది. తెర నిండా సన్నటి అక్షరాలు. ఆమె ఒకే చోటుకి మళ్ళీ మళ్ళీ వెళ్తోంది. ఇంతలో ఎదుటి స్టాలు టెక్నీషియను నడవ దాటి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, మెడలో వాళ్ళ కంపెనీ కార్డు వేలాడుతోంది. చేతులు వెనక్కి కట్టుకుని తెరలోకి వంగి చూశాడు.

“ఇంకొంచెం పైకి వెళ్ళండి మేడమ్. ఆ, అదే. ఫైల్‌ని మూసే లైను ముందుకొచ్చేసింది. సంచిలో సరుకు వేయకముందే మూతి కట్టేస్తోంది.”

ప్రోగ్రామరు నుదురు కొట్టుకుంది. డైరెక్టరు అతని మెడలో కార్డు చదివింది. “మీరు అటువైపు వాళ్ళు కదా?”

“అవునండీ.” అతను కొంచెం సిగ్గుపడ్డాడు. “కాలేజీలో దీని కోడ్ చదివే నేను పని నేర్చుకున్నాను. తప్పు కళ్ళెదుట ఉంటే ఊరుకోలేకపోయాను.” అటునుంచి వాళ్ళ మేనేజరు గట్టిగా దగ్గాడు. “వస్తున్నా సార్” అంటూ టెక్నీషియను వెళ్ళిపోయాడు.

ప్రోగ్రామరు ఆ లైను తీసి కింద పెట్టింది. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. బైండరు బటన్ నొక్కి ఫైలు తెరిచాడు. పుస్తకాలు వరసగా దిగుతూ వచ్చాయి. డైరెక్టరు అంతటితో నమ్మలేదు. తన పెన్‌డ్రైవ్ ఇచ్చి ఫైలు అందులో వేయించుకుంది, తన సొంత లాప్‌టాప్‌లో తెరిచింది, పైనుంచి కిందిదాకా జరుపుతూ పోయింది. పదకొండు వేల పైచిలుకు పుస్తకాలు. ఒక్క గడి ఖాళీ లేదు.

“ఇంత శుభ్రంగా ఎవరు చేశారండీ? ఏ గ్రంథాలయం ఇది?”

“మాదేనండి. నేనూ మా లైబ్రేరియనూ ఎక్కించాం.” ఎలా ఎక్కించారో కూడా చెప్పాడు. ఏడు నెలల కథ రెండు నిమిషాల్లో అయిపోయింది.

డైరెక్టరు లాప్‌టాప్ మూసింది. “అటువైపు వాళ్ళనీ ఇదే అడిగాను, వదిలేయాలంటే ఎలా అని. ఆ అవసరం మీకు రాదు మేడమ్ అన్నారు.” లేచి నిలబడింది. “మాకు మీదే పెడుతున్నాం. వచ్చే నెలలో మా వాళ్ళకి నేర్పడానికి మాత్రం మీరే రావాలి.”

“వస్తానండి” అన్నాడు బైండరు. ఇంకేం అనాలో తోచక ఒక కరపత్రం చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మడవకుండా ఫైల్లో పెట్టుకుని వెళ్ళింది.

ఆయనకి ఎంత గర్వమేసిందంటే, కాసేపు స్తంభాన్ని ఆనుకోవడం కూడా మర్చిపోయి నడవ మధ్యలో నిలబడిపోయాడు. తను రాసింది ఒక్క అక్షరం లేదు. అయినా ఇది తనది. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

“నీ సవతికి మూడు వందల నలభై సంబంధాలు కుదిరాయి.”

“పోన్లెండి, ఇకనైనా నా జోలికి రాదు” అంది ఆవిడ. గొంతులో నవ్వు దాగలేదు. “మోకాళ్ళకి మందు రాసుకున్నారా?”

రాసుకోలేదు. మధ్యాహ్నమంతా మామూలుగానే గడిచింది. డెబ్భై మందికి పైగా వచ్చారు. ఊరికే ఇస్తే మీకేం లాభమని సగం మంది అడిగారు. అందరికీ ముందు ఆ బటనే చూపించాడు, ఒక్కోసారి అవసరం లేకపోయినా రెండుసార్లు నొక్కాడు. సాయంత్రం బల్ల మీద గుడ్డ దులిపి, నాలుగు మడతలు పెట్టి, సంచి భుజాన వేసుకుని బస్సు ఎక్కాడు.

అది జరిగిన పదహారో రోజున, గ్రంథాలయం వెనక గదిలో, పని ముగించి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. లైబ్రేరియను వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది.

డైరెక్టరు పెట్టించిన మొదటి తరగతికి రెండు రోజుల ముందు ప్రోగ్రామరు ఆ గదికి వచ్చింది. నేర్పాల్సింది ఇప్పుడు ఆమే. ఆయన భార్య గదిలో వస్తువులు సర్దుతోంది. కిటికీ కింద పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సుంది. దాని చెక్కల మధ్య ఒక పుస్తకం బిగించి ఉంది. ఇద్దరూ కలిసి మర తిప్పి తీశారు. అది సాఫ్ట్‌వేర్ వాడుక పుస్తకం. ప్రదర్శన అయిన వారానికి ప్రోగ్రామరు గ్రంథాలయానికొకటి చొప్పున విడి కాగితాలుగా అచ్చు వేయించి, నమూనాగా ఒకటి కుట్టమని ఆయనకి పంపింది. అట్ట తిప్పి చూసి ఆగిపోయింది. మొదటి పేజీ మీద అంకె 211. అక్కణ్నుంచి 226 దాకా వరసగా ఉంది. ఆ తర్వాత 1 మొదలైంది. సాఫ్ట్‌వేర్‌ని వదిలి బయటికి వెళ్ళే పద్ధతి ఆమె ఆఖరి అధ్యాయంగా రాసింది. ఆ పేజీలే ఇవి.

“తప్పు కుట్టారా?” అంది లైబ్రేరియను గుమ్మంలోంచి.

“ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఒక్క పేజీ అటూ ఇటూ కుట్టలేదు” అంది భార్య. కళ్ళు తుడుచుకుంది గానీ, తల మాత్రం ఎత్తే ఉంచింది.

మిగతా మూడు వందల ముప్పై తొమ్మిదీ ఇలాగే కుట్టమని అప్పటికప్పుడు అచ్చు వేసిన ప్రెస్సువాళ్ళకి ఫోన్ చేసింది ప్రోగ్రామరు. వాళ్ళు నమ్మలేదు, అంకెలు రెండుసార్లు చెప్పించుకున్నారు. బల్ల మీద ఆ మొదటి పుస్తకం, జిగురు పూర్తిగా ఆరి, ఎవరూ పట్టుకోకుండానే వెన్ను వంగకుండా, తనంతట తాను నిటారుగా నిలబడి ఉంది.