కాస్త జరగండి

ఇస్త్రీ అక్క కొనుక్కున్న ఇంటి స్థలం మురికికాలవలో దిగింది. వేళాకోళం కాదు. మున్సిపాలిటీ సర్వేయరు ప్యాంటు పైకి మడిచి, కండక్టరు రాయి నుంచి కొలిచి, గట్టు మీది ఆమె హద్దురాయి పీకించి బురదలో పాతించి, "ఇదేనమ్మా నీ మూల" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడింది. ఎవరి మేడమెట్ల కిందో బల్ల వేసుకుని, పదిమంది చొక్కాల ముడతలు తీసి, మున్సిపాలిటీకి వాయిదాలు కట్టి సంపాదించిన స్థలం అది. ఈ ఎండాకాలం దాటితే ఆ మెట్ల కింద కూడా చోటు లేదని మేడ యజమాని చెప్పేశాడు.

ముందు ఆమె, పక్క స్థలం కొనుక్కున్న బస్సు కండక్టరు మీద విరుచుకుపడింది.

"నా స్థలం మింగావుగా, అరిగిందా తమ్ముడూ?"

"నేను మింగడమేంటక్కా? దర్జీ నా మీదికి జరిగాడు. గొడవెందుకని నేను నీ మీదికి జరిగాను."

"మరి నేనెవరి మీదికి జరగను? నా పక్కనున్నది కాలవ. దాన్ని జరగమననా?"

కండక్టరు దర్జీ స్థలం వైపు చెయ్యి చూపించాడు.

ఆమె మున్సిపాలిటీ ఆఫీసుకు పోయింది. ఒక కిటికీవాడు ఇంకో కిటికీ చూపించాడు. సారు మీటింగులో ఉన్నారన్నారు, క్యాంపుకు వెళ్లారన్నారు, ఇప్పుడే లేచి వెళ్లారన్నారు. తిరిగి తిరిగి కాళ్లు అరిగాక సారు దొరికాడు.

"అమ్మేశాం, రిజిస్ట్రేషన్ చేసిచ్చాం. హద్దు తగాదాలు మీలో మీరు చూసుకోవాలి. పక్కవాళ్లను కాస్త జరగమను. సర్దుకుపోవాలమ్మా."

సారు ఒంటి మీది చొక్కా ఆమె ఇస్త్రీ చేసిందే. ఆ మడత చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఆ స్థలాల దగ్గరే అందరినీ పోగేసింది. పోగైనవాళ్లు ముందు చేసిన పని ఒకరినొకరు తిట్టుకోవడం. కండక్టరు దర్జీని తిట్టాడు, దర్జీ వెల్డరును తిట్టాడు. వెల్డరుది రోడ్డు వైపు మొదటి స్థలం. తిట్టడానికి అతనికి ఎవరూ మిగల్లేదు.

"రోడ్డు మీద షాపులు కడుతున్న కాంట్రాక్టరు కంచె నా స్థలంలోకి తెచ్చి వేశాడు," అన్నాడు. "ఆఫీసులో చెబితే సర్దుకోమన్నారు. పెద్దవాళ్లతో మనకెందుకని రాయి తీసి దర్జీ వైపు పాతాను."

చూశారా? వీళ్లలో దొంగ ఒక్కడూ లేడు, చేతికి మట్టి అంటనివాడూ లేడు. ఎవడి నష్టాన్ని వాడు పక్కవాడి మీదికి తోసి, గండం గడిచిందనుకున్నాడు. పేదవాడికి పేదవాడి మీద ఉన్న ధైర్యం ఉన్నవాడి మీద ఉండదు.

ఇస్త్రీ అక్క కండక్టరు వైపు తిరిగింది. "బస్సులో పొద్దస్తమానం వెనక్కి జరగండి, జరగండి అని అరుస్తావే. జనం ఎందుకు జరుగుతారు?"

"ముందు తలుపులోంచి ఎవరో ఒకరు ఎక్కుతారు గనక."

"ఆ ఎక్కినవాడిని ఒక్కమాట అనకుండా, వెనక తలుపు దగ్గరున్న నన్ను దింపేశారు మీరంతా."



"వాడికి ఆఫీసు అండ ఉందక్కా. కొండను ఢీకొనడమే," అని దర్జీ నసిగాడు.

దర్జీ పెళ్లాం ఊరుకోలేదు. "ఇవాళ అక్క కాలవలో పడింది. రేపు వాడు ఇంకో కంచె వేస్తే కండక్టరన్న పడతాడు. ఆ తర్వాత మనమే. నువ్వు ఈత నేర్చుకుంటావా?"

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ అక్క కుచ్చిళ్లు దోపుకుని బురదలోకి దిగింది. పాత గోతులు ఇంకా పూడలేదు. ఆమె రాయి పెకలించి పాత గోతిలో నిలబెట్టింది. తర్వాత కండక్టరు, తర్వాత దర్జీ, ఆలూమగలిద్దరూ. ఒక్కో రాయీ పాత చోటుకు వస్తూ వస్తూ, పని కంచె దగ్గరికి చేరింది. వెల్డరు తీగ కోశాడు. కంచె పడింది. అతని రాయి దాని చోటుకు అది వచ్చింది.

అన్నాళ్లూ దొరకని సారు అప్పుడు పిలవకుండానే వచ్చాడు. కాంట్రాక్టరు వచ్చాడు, వెనకే పోలీసు వ్యాను వచ్చింది. కండక్టరునూ వెల్డరునూ రెక్కలు పట్టి వ్యానులో పడేశారు.

"జరగండి, జరగండి," అని ఎస్సై లాఠీ ఊపాడు.

గొడవ విని పోగైన జనం అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేశారు. వ్యాను రోడ్డెక్కే దారిలో వెల్డరు రాయి ఉంది. ఇస్త్రీ అక్క పోయి దాని మీద కూర్చుంది. అది ఆమె రాయి కాదు.

"జరగమ్మా, చెబితే వినపడదా?" అన్నాడు ఎస్సై.

"ఇన్నాళ్లూ జరిగాం సార్. వెనక కాలవ తగిలింది. ఇంకెక్కడికి జరగమంటారు?"

దర్జీ పెళ్లాం వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దర్జీ చుట్టూ చూసి, మెల్లగా వచ్చి, తనూ కూర్చున్నాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి కూర్చున్నారు. డ్రైవరు హారన్ మోగించీ మోగించీ ఇంజను ఆపేశాడు.

వ్యాను కిటికీ ఊచల్లోంచి కండక్టరు గొంతు వినిపించింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకే మాట అరిచి బొంగురుపోయిన గొంతు అది.

"ఎవరూ జరగకండి," అన్నాడు.

ఎవరూ జరగలేదు.