డిస్టెన్స్ కార్డు

ఆత్రేయ సారు పట్టిన పట్టు విడిచే రకం కాదు. తెలుగువాళ్ల నోట నానిన ఇంగ్లిషు మాటలకు యూనివర్సిటీలో నిఘంటువు చేస్తున్నాడాయన. ఒక్కో వాడుకకు ఒక్కో కార్డు. దాని మీద అన్న మాట, అన్న మనిషి, ఆ మాట పుట్టిన చోటు మూడూ ఉండాలి. ఒక్కటి తక్కువైనా బుట్టదాఖలే. "ఊరూ పేరూ లేని మాట నాకొద్దమ్మా" అంటాడు. శుక్రవారం అందరి ముందూ కార్డులు తనే పైకి చదువుతాడు.

ఆ వారం, ఆయన దగ్గర పరిశోధన చేసే భూమిక వంతుకు వచ్చిన మాట డిస్టెన్స్. ఓస్, ఇంతేనా అనుకుంది. తార్నాక చౌరస్తాలో ఆటో అతను లాలాగూడ డిస్టెన్స్ తక్కువే గానీ ట్రాఫిక్ చంపుతుందన్నాడు. జిరాక్సు షాపు నవత డిగ్రీ డిస్టెన్స్‌లో కట్టిందట. అత్తతో కూడా కాస్త డిస్టెన్స్ పెట్టిందట, అది మాత్రం తన పేరుతో రాయొద్దని బతిమాలింది. పేరు లేకపోతే ఏం లాభం, ఆ కార్డు చింపక తప్పలేదు.

సాయంత్రం లాలాగూడలో ఇంటికొచ్చి, బియ్యం ఏరుతున్న తల్లిని సరదాకు అడిగింది. తార్నాకలో నాలుగిళ్లలో పనిచేసే భారతమ్మకు ఈ మాటతో ఏం పని అనుకుంది పిచ్చిపిల్ల. తల్లి చాటలోంచి తలెత్తలేదు.

"కరోనా పోయింది గానీ మాకు డిస్టెన్స్ పోలె బిడ్డా. పూలకుండీల ఇంట్ల నా చాయ్ గ్లాసు ఇంక గోడ మీదనే ఉన్నది."

భూమిక గుచ్చి గుచ్చి అడిగితే మిగతాది చెప్పింది. ఆ ఇంటివాళ్లు తినే కంచాలు తోమేది అమ్మే. చాయ్ మాత్రం గేటు బయట నిలబడి తాగాలట. కరెంటు మీటరు చూసే అతను లోపల కూర్చునే తాగుతాడట. చెబితే కొట్లాటకు పోతావని ఇన్నేళ్లూ చెప్పలేదంది.

కార్డుకు మాట పుట్టిన చోటు కావాలి గదా, పొద్దున్నే అమ్మను దారి అడిగి ఆ ఇంటి నంబరు కోసం తార్నాక వెళ్లింది. గేటు పక్కన పూలకుండీలు, గోడ మీద బోర్లించిన స్టీలు గ్లాసు. పేరు పలక చూసి కొయ్యబారిపోయింది. ప్రొఫెసర్ ఆత్రేయ. తను దేవుడిలా చూసుకున్న మనిషి. వచ్చే నెల తన ఫెలోషిప్ పొడిగించడానికి సంతకం పెట్టాల్సిన మనిషి.

అది మా సారు ఇల్లే, నంబరు రాస్తే నీ పని పోతుంది, నా చదువూ పోతుందేమో అని ఏడుస్తూ తల్లికి చెప్పింది. భారతమ్మ కొంగుతో కూతురి కళ్లు తుడిచింది.

"రాయి. తప్పు నేను చేసిన్నా?"

శుక్రవారం సారు ఆ కార్డు తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. ఆహా, ఏం వాక్యమమ్మా, ఏ పుస్తకంలో దొరుకుతుంది ఇది అని మురిసిపోయాడు. మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత "అన్న మనిషి, భారతమ్మ" అని చదివి, ఏమాత్రం తడబడకుండా కింది వరుసకు వెళ్లాడు. భూమికకు అప్పుడు అర్థమైంది. ఐదేళ్లుగా తన ఇంట్లో అంట్లు తోమే మనిషి పేరే ఆయనకు తెలియదు.

మాట పుట్టిన చోటు దగ్గర, ఇంటి నంబరు సగం చదివి ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు లేదు. ఈ చోటొక్కటి తీసేద్దామా అమ్మా అని గొంతు తగ్గించి అడిగాడు.

భూమిక లేచి నిలబడింది.

"ఊరూ పేరూ లేని మాట మీకొద్దు గద సార్. ఆ భారతమ్మ మా అమ్మ."