పదును ఆరకముందే

"ఎట్లాగూ తల కిందికే పెట్టుకోని ఉంటావు కదా, ఈ చెనక్కాయలన్నా వొలుచు," అన్నాడు మా ఆయన, నేను కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మరుసటి పొద్దున. మూట తెచ్చి నా ముందర దించినాడు. దుమ్ము లేచింది.

"దుమ్ము తగలకూడదన్నాడు డాక్టరు."

"నీళ్ళు చల్లుకో."

కోపంతో అన్న మాట కాదు. చెడ్డమనిషీ కాదు. ఆసుపత్రి వరండాలో గోనెసంచి పరుచుకుని నాకోసం పడుకున్న మనిషే. కొట్టంలో ఊరికే నిలబడిన ఎద్దును చూస్తే రైతుకు ఏమనిపిస్తుందో, తలొంచుకుని కూర్చున్న నన్ను చూస్తే ఆయనకు అదే అనిపించింది. విత్తనం కాయలు మిషన్లో వేస్తే పప్పు మీది పొట్టు లేచిపోయి మొలక రాదు, చేత్తోనే వొలవాల. కూలికి మనుషులు దొరకరు. పెండ్లామైతే దొరికింది, కదలకుండా, ఒకేచోట.

నాకు షుగరు. ఒంట్లో చక్కెర ఎక్కువ, ఇంట్లో తీపి తక్కువ అని నా మీద నేనే జోకులేసుకుంటూ ఏండ్లు నెట్టుకొచ్చిన దాన్ని. మా ఊరి అంగన్‌వాడీ టీచర్ని. ఒకరోజు పిల్లోళ్ళకు పాలు పోస్తూ ఉంటే కుడికంట్లో నల్లదారాలు వేలాడినాయి. దులుపుకుందామంటే గాల్లో లేవు, కంట్లోనే ఉన్నాయి. సాయంత్రానికి తెర దిగింది. బెంగుళూరులో కంటి లోపలి రక్తం తీసి, ఊడిన పొర మళ్ళీ అతుక్కోవడానికి గ్యాసు బుడగ నింపినారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి అది కంటి వెనకగోడను ఒత్తి పట్టుకోవాలంటే నా ముఖం నేలకే ఉండాల. తిన్నా అట్లనే, పడుకున్నా అట్లనే.

"నోరు తెరిస్తే గ్యాసు కొడతాండావంటావు కదా, ఈసారి డాక్టరే కొట్టినాడు చూడు," అన్నాను మా ఆయనతో. పగలబడి నవ్వినాడు. ఆయన పేరు దివాకర్. ఇన్నేండ్ల కాపురంలో సూర్యుడికి ఎదురుగా చూసి చూసి కండ్లు పోగొట్టుకున్నానని కూడా అన్నాను. దానికీ నవ్వినాడు. భారతి టీచరమ్మ మాటలకు ఊరంతా నవ్వుతుంది. నవ్విస్తూ చెప్పిన నొప్పి ఎవరి చెవికీ ఎక్కదు. నవ్వించకుండా చెప్పడం నేనెప్పుడూ నేర్చుకోలేదు.

మనుషులకు బదులు పాదాలు కనిపించే రోజులవి, అదీ మసకగా, ఎడమకంటితో. మా ఆయన పాదాలు గడపదాకా వస్తాయి, "అన్నమయిందా?" అని అడుగుతాయి, పోతాయి. నేను నేలను చూస్తూ, తడుముకుంటూ వండిన అన్నమే అది. మా అత్త సుబ్బరత్నమ్మ పాదాలు మాత్రం వచ్చి నిలబడతాయి. మడమలు వానలేని చేను మాదిరి పగిలి ఉంటాయి. "కోడలు తల వంచాలంటే బెంగుళూరు డాక్టరు కావాల్సొచ్చినాడు. మా కాలంలో అత్త గొంతు చాలు," అనిందొకసారి. నాకు నవ్వొచ్చింది. మాటలో మా అత్త నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. నవ్వుతానే వొలిచినాను. బొటనవేలితో నొక్కితే కాయ టప్పుమని పగులుతుంది. గింజ ముడుచుకుపోయిందా, పురుగు తొలిచిందా, నిండుగా ఉందా అన్నది వేలికొసకే తెలుస్తుంది. కంటితో పని లేదు. ఆ సంగతి మా ఇంట్లో వాళ్ళకు నాకంటే ముందే తెలుసు.

వార్డులో నా పక్కమంచం నూర్జాన్‌ది. చిలమత్తూరామె, మిషన్ కుడుతుంది. ఆమెకూ అదే జబ్బు, అదే గ్యాసు. ఇద్దరం బోర్లాపడి ఒకరి ముఖం ఒకరు చూడకుండానే స్నేహం చేసినాం. "అక్కా, సజ్దాలోకి పోయినట్టుండాము. లేచేదే లేదు ఈ నమాజులో," అనేది. "నాది సాష్టాంగం నూర్జానూ. దేవుడే చాల్లే లేమ్మా అనాల," అనేదాన్ని. నర్సమ్మ వచ్చి ఇద్దరినీ గద్దించేది. వెళ్ళేరోజు డాక్టరు మాకిద్దరికీ ఒకే మాట చెప్పినాడు. రెండో కంట్లో కూడా పొర లాగుతోంది. ఇప్పుడే చేస్తే ఉన్న చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే తనూ ఏం చెయ్యలేనన్నాడు. ఇద్దరికీ ఒకేరోజు రమ్మన్నాడు. దుడ్ల బాధ లేదు, గవర్నమెంటు ఆరోగ్య కార్డు మీద అయిపోతుంది.

బయటికొచ్చినాక నూర్జాన్ నా చెయ్యి పట్టుకుంది. "నా మీద నాకు నమ్మకం లేదక్కా. పండగనో పెండ్లనో ఇంట్లో ఎవరో ఒకరు అడ్డం చెప్తారు, నేను సరేనంటా. మీ బెంగుళూరు బస్సు మా ఊరి మీదే పోతాది కదా, నువ్వు దాంట్లో ఉండావంటే మాత్రం ఎక్కుతా."

నా సంగతీ అంతే. నాలుగేండ్ల కింద కొత్తచెరువులో కంటి క్యాంపు పెట్టినప్పుడే, తొందరగా చూపించుకోమ్మా అన్నారు. "పంట రానీ, చూద్దాం," అన్నాడు మా ఆయన. సరేనన్నాను. మా గడ్డ మీద అంతకంటే దూరపు వాయిదా ఇంకొకటి లేదు. కండ్లు మసకలయ్యేకొద్దీ అంగన్‌వాడీలో పిల్లోళ్ళ బరువు తప్పు రాసేదాన్ని. "కనపడకపోతే మానేయండి మేడం, కనపడేవాళ్ళు శానామంది ఉండారు," అనింది సూపర్‌వైజర్ హేమ, పిల్లోళ్ళ తల్లుల ముందర. నా కూతురి ఈడుది. ఆ రోజు కూడా ఏదో జోకేసినాను. ఏం జోకో గుర్తులేదు, వాళ్ళు నవ్వింది గుర్తుంది.

కుడికంట్లో చూపు మెల్లగా వచ్చింది. ముందు పైన ఒక గీత. గీతకు పైన వెలుగు, కింద కదిలే నీళ్ళు. రోజురోజుకూ గీత కిందికి దిగేది. మా బావిలో నీళ్ళు దిగిపోతుంటే గట్టు మీద నిలబడి ఏడ్చిన దాన్ని, నా కంట్లో నీటిమట్టం దిగుతుంటే మొక్కుకున్నాను. పైకప్పు దూలం కనిపించింది. ఇంకొన్నాళ్ళకు గోడ మీద మా పెండ్లి ఫోటో. దాంట్లోనూ నేను తల వంచుకునే ఉన్నాను. ఆఖరికి బుడగ గోలీకాయంత అయి, అడుగున ఊగి ఊగి, ఒక పొద్దున లేకుండా పోయింది. అప్పుడు కనిపించింది నా బొటనవేలు. గోరు అరిగి, చర్మం చీలి, చీలికలో ఎర్రమన్ను. మూటలో చెనక్కాయలన్నీ అయిపోయినాయి.

రెండో కంటికి రమ్మన్న రోజుకు ముందురోజు సాయంత్రం వాన పడింది.

అట్లాంటిట్లాంటి వాన కాదు. రెండేండ్లుగా మబ్బు ముఖం చూపించి పోయిందే గానీ ఇట్లా కూర్చుని కురవలేదు. మట్టి వాసనకు నా గుండె కూడా తడిసింది. మా ఆయన చేనికి పోయి మోకాళ్ళదాకా బురదతో వచ్చినాడు, చిన్నపిల్లోని మాదిరి. "భారతీ! బాగా దిగింది పదును, ఇత్తనం వేసేయొచ్చు! పొద్దున్నే ట్రాక్టరు చెప్పినా. మొదటి పిడికిలి నీదే."

ఏటా నాదే. గొర్రు మీద కూర్చుని గొట్టంలోకి గింజలు వదిలితే సాలు ఎక్కడా వెలితి పడదని పేరు. నిజం చెప్పాలంటే నా చేతులు కూడా దురద పెట్టినాయి.

"రేపు నా కన్ను," అన్నాను.

ఆయనకు నిజంగానే గుర్తులేదు. కాలి బురద గడపకు గీకినాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "వచ్చే నెల పోదాంలే. పదును ఆరిపోతాది గానీ కన్ను ఆరిపోతాదా?"

"దాని చెయ్యి పడకపోతే మొలక రాదు," అనింది లోపల్నుంచి మా అత్త.

ఎన్నో ఏండ్లు ఆ మాటను మెడలో సొమ్ము మాదిరి వేసుకుని తిరిగినాను. చెయ్యి మంచిదని పొగిడిన ఇంట్లో కన్ను ఎట్లుందని అడిగినవాళ్ళు లేరు. ఇద్దరూ నా జోకు కోసం ఎదురుచూస్తున్నారు. నేనొక జోకేస్తే అందరం నవ్వుతాము, పొద్దున్నే చేనికి పోతాము. నోరు తెరిచినాను. జోకు రాలేదు.

"ఆరిపోతాది," అన్నాను. "ఒకటి ఆరిపోయి, వెనక్కి తెచ్చుకునేసరికి ఇన్నాళ్ళు పట్టింది. రెండోదానికి పదును ఇప్పుడే. పొద్దున బస్సుకు పోతా."

"ఇత్తనం ఎవరు వేస్తారు?"

తెల్లారినాక గంప తీసి ఆయన చేతుల్లో పెట్టినాను. "నేను వొలిచినవే. కండ్లు మూసుకోని వదిలినా మొలుస్తాయి. నీకు రెండు కండ్లుండాయి, తెరుచుకోని వదులు." ఆయన గంప పట్టుకుని అట్లనే చూసినాడు. అత్త నా చేతిసంచి గడపదాకా జరిపింది.

బస్సు ఆలస్యంగా వచ్చింది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఊరు దాటినాక మలుపులో మా చేను. తడిసిన ఎర్రమన్ను మీద ట్రాక్టరు పోతోంది. వెనక గొర్రు మీద ఒక మగమనిషి నడుము వంచి, తలెత్తకుండా గింజ గింజా వదులుతున్నాడు. బస్సు హారన్ కొట్టినా తలెత్తలేదు. అది దివాకరేనని అంత దూరం నుంచి, ఒక్క కంటితోనే పోల్చుకున్నాను.

ఒళ్ళో ఫోను మోగింది. నూర్జాన్.

"ఈడ కూడా వానక్కా, ఇంటి నిండా చుట్టాలు," అనింది. గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు... ఎక్కినావా?"

"ఎక్కినా. రోడ్డు మీదికొచ్చి నిలబడు."