పడమటి గోడ

మే నెలలో మధ్యాహ్నం పూట మా వంటింటి గోడ మీద చెయ్యి పెట్టలేం. పడమటి గోడ, కిటికీ లేదు. ఈ ఇల్లు కట్టించిన మా మామయ్య పొట్టకూటికి ఈ గుజరాతీ ఊరొచ్చి, బతుకంతా బమ్రోలి పేటలో మగ్గాల షెడ్డులోనే గడిపాడు. గాలొస్తే పోగు తెగుతుందని అక్కడ కిటికీలు తెరవనివ్వరు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చాడు. ఆదివారం అందరికీ రొట్టెలు కాలుస్తుంటే చెమట మెడ మీంచి నడుము దాకా కారుతుంది. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి నా మొగుడు నరేశ్ గొంతు వినిపిస్తుంది. "విజయా, జర తలుపు దగ్గరికెయ్యి. ఏసీ గాలంత వంటింట్లకే పోతుంది. కరెంటు దండుగ!" దగ్గరికేస్తాను. "వంటిల్లంటే గట్లనే ఉంటది బిడ్డా, మేం ఉండలేదా?" అంటుంది అత్తమ్మ గంగవ్వ.

నేను ఆర్కిటెక్టుని. "మా కోడలు బిల్డింగుల నక్షాలు గీస్తది" అని అత్తమ్మ పర్వత్ పాటియా పేటలోని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ చుట్టాలకి టీ పెట్టేదీ నేనే అనుకోండి.

ఈ యేడు నా చేతికొచ్చింది ఊరి చివర ఉన్ అనే పేటలో కట్టబోయే ప్రభుత్వ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా, మిల్లుల్లో పనిచేసేవాళ్ల పిల్లలకి. తక్కువ కరెంటుతో నడవాలన్నది షరతు. సముద్రం మీంచి వచ్చే గాలి తరగతి గదుల్లోంచి వెళ్లేలా గీశాను. కిటికీల మీద ఎండ పడకుండా లోతైన చజ్జాలు పెట్టాను. పగలు లైటు వెయ్యక్కర్లేదు. నా నక్షా చూసుకుని నేనే మురిసిపోయాను. మా ఆఫీసు యజమాని జిగ్నేశ్‌భాయ్ ఎర్ర పెన్ను తీసి, నేను ఉత్తరం వైపు పెట్టిన మధ్యాహ్న భోజనం వంటగదినీ ఆడపిల్లల బాత్రూములనీ పడమటి గోడకి నెట్టేశాడు.

"ఎండంతా అవే ఆపేస్తాయి విజయాబెన్. క్లాసులు చల్లగా ఉంటాయి. కరెంటు లెక్కలో అవి ఎలాగూ మనుషులు ఉండని గదులు."

"మరి వండేవాళ్లు?"

"వాళ్లకి అలవాటే కదా!"

మనుషులు ఉండని గది. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన మొదటి వేసవిలో మా వంటింట్లోనే కళ్లు తిరిగి పడిపోయాను. "నీళ్లు తాగకపోతే గట్లనే అయితది" అన్నాడు నరేశ్, టీవీ మీంచి చూపు తిప్పకుండా. నిజమే కాబోలని అప్పట్నుంచి సీసాతో నీళ్లు పక్కన పెట్టుకుని మరీ వండుతున్నాను! అంటే నేను మనిషిని కానా? ఈ ఇంటికి ఎండ తగలకుండా నిలబెట్టిన గోడనా? ఆదా, ఆదా అని కాలేజీలో నేర్చుకున్నదంతా ఇంతేనా, కొందరు చల్లగా కూర్చోవడానికి ఇంకొకరిని తలుపు వెనక మాడ్చడమేనా? మా ఇంట్లో ఆ లెక్క ఎప్పట్నుంచో నడుస్తోంది. ఇప్పుడు దాన్నే కొత్త బడికి కూడా, అదీ నా చేత్తో గీయించబోతున్నారు.

కార్పొరేషన్ మీటింగులో "నక్షా సంగతి నేను చెబుతాను, మీరు ఖమన్ టిఫిన్ ప్లేట్లు చూసుకోండి" అన్నాడు జిగ్నేశ్‌భాయ్. చూసుకున్నాను. అందరికీ పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆయన నక్షా మీద నాది పరిచాను.

"ఇది కూడా చూడండి సార్. పడమటి వైపు మెట్లు, సైకిళ్ల స్టాండు, నీళ్ల ట్యాంకు పెట్టాను. వంటగదీ బాత్రూములూ ఉత్తరం వైపు. వంటగదికి కిటికీలు కూడా ఉన్నాయి." ఆ గదుల మీద వేలు పెట్టి చూపించాను.

"మెట్ల మీద ఎండ పడదా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"పడుతుంది సార్. కానీ మెట్ల మీద ఎవరూ గంటల తరబడి నిలబడి వండరు."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "కరెంటు ఖర్చు?"

"పెరగదు. లెక్క చేసే తెచ్చాను."

"మరి మొదటే ఇలా ఎందుకు గీయలేదు?"

జిగ్నేశ్‌భాయ్ ప్లేటులోకి చూస్తున్నాడు. "మొదట ఇలాగే గీశాను సార్. నేనే గీశాను" అన్నాను.

"ఇదే కడదాం. ఇకమీదట ఈ స్కూలు మీటింగులకి ఈ విజయాబెన్‌నే రమ్మనండి" అన్నాడాయన. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో పట్టలేక ఓ కేక పెట్టాను. ఆటోవాలా హడలిపోయి బ్రేకు వేశాడు!

ఆదివారం వచ్చింది. పొయ్యీ సిలిండరూ లాక్కొచ్చి ముందుగదిలో తూర్పు కిటికీ కింద పెట్టాను. ఏసీ ఆపి, ఏళ్ల తరబడి మూసి ఉన్న కిటికీ రెక్కలు బలంగా నెట్టాను.

"ఏంది గిది? పాగలయినవా?" నరేశ్ మంచం మీంచి లేచాడు.

"కిటికీ తెరిస్తే పోగు..." అనబోయి అత్తమ్మ ఆగింది. ఈ ఇంట్లో మగ్గం ఎప్పుడూ లేదు. కొంగు దులుపుకుని, కిటికీ ముందుకొచ్చి నిలబడింది. ఆమె మెడ మీద నెరిసిన వెంట్రుకలు గాలికి కదిలాయి. తర్వాత వంటింట్లోకి వెళ్లి రొట్టెల పీట తానే తెచ్చి నా పక్కన పెట్టింది.

"మరి నేనేడ కూసోవాలె?" అన్నాడు నరేశ్.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది. "వంటింట్ల కూసో పో కొడుకా. తలుపు దగ్గరికేస్త."