అంచు పోయిన రెక్క

నా మొగుడి మీద నాకు మొదటిసారి కోపం రావడానికి పెళ్లయ్యాక నలభై మూడు రోజులు పట్టింది. అదీ ఒక ప్రొపెల్లర్ గురించి.

అంతవరకూ నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. ఆయన బూట్లు నా చెప్పుల పక్కన పడి ఉంటే ముద్దు. టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడిపోతే ఆయన గ్లాసులోకి దిగులుగా చూస్తుంటే ముద్దు. మామయ్యగారు పడవల వేగాలు రాసే టెస్ట్ పుస్తకం నా చేతికిచ్చి, "ఇంజనీరింగ్ చదివావుగా, ఇకనుంచి అంకెలన్నీ నీవే" అన్న రోజు నేను దానికి అట్ట వేసి, పేరు మూడు రంగుల్లో రాసుకున్నాను. డిగ్రీ చేతిలో ఉన్న మనిషి చేయాల్సిన పని కాదది. అయినా చేశాను.

మామయ్యగారిది వేగంగా వెళ్లే పడవలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. ఏటి ఒడ్డున రేకుల షెడ్డు, పడవను నీళ్లలోకి దించే ఒక పాత క్రేను, ముగ్గురు పనివాళ్లు, వాళ్లతోపాటు మా ఆయన. ఆ నెల మా చేతిలో ఉన్నది ఒకటే పడవ. ఓడరేవు రక్షణ దళం వాళ్లది. గంటకు వంద కిలోమీటర్లు దాటాలి, అంత వేగంలోనూ ఉన్నపళంగా మలుపు తిరగాలి. ఆ రెండూ చూశాకే వాళ్ల కెప్టెన్ సంతకం పెడతాడు.

మామూలు పడవకు ప్రొపెల్లర్ అడుగున పూర్తిగా మునిగి తిరుగుతుంది. దీనికి ఉన్నవి సర్ఫేస్ డ్రైవులు. పడవ వెనక గోడలోంచి రెండు ఇరుసులు తిన్నగా బయటికి వస్తాయి. వేగం అందుకున్నాక వాటి చివరి ప్రొపెల్లర్లు సగం నీళ్లలో, సగం గాల్లో తిరుగుతాయి. ఇరుసుల్ని మీట నొక్కి పైకీ కిందికీ జరపవచ్చు. పైకెత్తితే నీటి ఒరిపిడి తగ్గి పడవ తేలికపడుతుంది. మరీ ఎత్తితే రెక్కకు నీరు చిక్కక ఇంజను ఊరికే అరుస్తుంది. వెనకాల లేచే నీటి తోకను మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. పుస్తకం నీళ్లలో పడబోయింది.

ఆ రోజు పొద్దున చప్పట్లు లేవు. కిందటి వారం ఇదే పడవ నూట నాలుగు చూపించింది. ఇప్పుడు తొంభై ఐదు దగ్గర ఆగిపోయింది. రెండు ఇంజన్లకూ డీజిల్ సమానంగానే ఇస్తున్నా, కుడిది నిమిషానికి రెండు వేల మూడు వందల చుట్లు తిరుగుతుంటే, ఎడమది రెండు వేల ఐదు వందలకు పోయింది. పడవ ముక్కు ఎడమ పక్కకు లాగుతోంది. మా ఆయన చక్రాన్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

ఒడ్డుకు రాగానే మామయ్యగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"తొంభై ఐదా? పిల్లకాలువలో తోలుతున్నావట్రా?"

"నేనే సరిగ్గా పట్టుకోలేదు నాన్నా," అన్నాడు మా ఆయన.

నా పెన్ను ఆగిపోయింది. అంకెలు నా ఒళ్లోనే ఉన్నాయి. ఎడమ ఇంజను ఎక్కువ తిరిగి తక్కువ తోస్తోందంటే ఎడమ ప్రొపెల్లర్ నీటిలో జారుతోందని అర్థం. పట్టుకోవడం, పట్టుకోకపోవడం ఆయన చేతిలో పని కాదు. నోరు తెరవబోతే మా ఆయన బూటుతో నా చెప్పు తొక్కాడు. అది మాత్రం ముద్దుగా లేదు.

"మూడింటికి కెప్టెన్ వస్తాడు. అప్పటికి చేతులు సరిచేసుకో," అని మామయ్యగారు క్రేను వైపు వెళ్లిపోయారు.

పడవను పైకెత్తి దిమ్మల మీద పెట్టారు. పనివాళ్లు టీకి వెళ్లాక ఆయన నా దగ్గరికి వచ్చి, వేరే వైపు చూస్తూ అన్నాడు.

"మధ్యాహ్నం నువ్వు పడవలోకి రావద్దు."

"ఎందుకు?"

"కెప్టెన్ ఉంటాడు. సీట్లు..."

"ఆరున్నాయి."

"ఎండ ఎక్కువ."

"పొద్దున వెన్నెల కాసిందా?"

నేను తిన్నగా ఎడమ ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్లాను. అద్దంలా ఉంది. నా మొహం అందులో ఐదు రెక్కల మీదా ఐదుసార్లు ఎర్రగా కనిపించింది. కెప్టెన్ వస్తున్నాడని గురువారం రెండింటినీ విప్పి పాలిష్ చేశారు. కుడిది మా ఆయన చేశాడు. ఎడమది మామయ్యగారు.

రెక్క చివరి అంచు దగ్గర గోరంత మందాన ఒక మడత ఉంటుంది. వర్క్‌షాపులో దాన్ని పెదవి అంటారు. గాలి కలిసిన నురగలోనూ రెక్క నీటిని పట్టుకునేది దానితోనే. కుడి ప్రొపెల్లర్ మీద గోరు పెట్టి జరిపితే పెదవి దగ్గర టక్కున ఆగింది. ఎడమ దాని మీద సర్రున జారిపోయింది. ఐదు రెక్కల మీదా అంతే. మెరుపు కోసం పెదవిని కూడా అరగదీసేశారు.

"నీకు తెలుసా?" అన్నాను.

"గురువారమే తెలుసు."

"తెలిసీ నీ తప్పన్నావా?"

"నెమ్మదిగా మాట్లాడు. నాన్న వేళ్లకి స్పర్శ పోయింది. ముప్పై ఆరేళ్లు గ్రైండరు పట్టుకున్న చేతులు. రెండేళ్లుగా చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. ఆయన ఎవరికీ చెప్పడు, మేమూ అడగం. కళ్లు మూసుకుని పెదవి మలిచే మనిషని చుట్టుపక్కల వర్క్‌షాపులన్నీ చెప్పుకునే పేరు. ఆయన బతుకంతా ఆ పేరే. ఇవాళ అందరిముందూ..."

"మరి మధ్యాహ్నం?"

"ఎడమ ఇరుసుని కిందికి దించుతా. రెక్క లోతుగా దిగితే జారడం తగ్గుతుంది. వంద దాటుతుంది."

"మలుపులో?"

ఆయన నేల మీద కాలితో గీతలు గీశాడు. నాకు సమాధానం అవసరం కూడా లేదు. ఒక ప్రొపెల్లర్ లోతుగా, ఇంకొకటి పైకి ఉన్న పడవని వంద మీద ఒక్కసారిగా తిప్పితే, లోతుగా ఉన్నది నీటిని పట్టుకుని నిలుస్తుంది, పైన ఉన్నది గాల్లోకి లేచి పట్టు వదిలేస్తుంది. పడవ ముక్కు గుచ్చుకుని పల్టీ కొడుతుంది. అందుకే నన్ను రావద్దన్నాడు. నన్ను కూర్చోబెట్టుకోలేని పడవలో తను కూర్చుంటాడట.

కోపం వస్తే నాకు మర్యాద ఎక్కువవుతుందని అప్పుడే తెలిసింది.

"ఏమండీ, నాకు ఒక్క మాట చెప్పండి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మలుపు తిప్పుతారా?"

"నువ్వు ఎందుకు..."

"తిప్పుతారా తిప్పరా?"

"తిప్పను."

"కెప్టెన్‌ని కూర్చోబెట్టుకుని తిప్పుతారు. ఆయనకి పెళ్లాం లేదా? మీకు లేదా? మీ నాన్నగారి పేరు నిలబెట్టడానికి మీరు నీళ్లలో తలకిందులైతే, ఆ పేరుని నేను ఏం చేసుకోను? అట్ట వేసుకోనా?"

"వంద సార్లు తిప్పాను, నాకు తెలుసు ఎంతవరకు..."

"పెదవి లేని రెక్కతో ఎన్నిసార్లు తిప్పారు?"

"నాన్నకి చెప్పకు. నా మీద ఒట్టు."

"మీ మీద ఒట్టు ఎలాగండీ, మీరు మూడింటికి ఉంటారో లేదో!"

ఇంకేదో అంటున్నాడు. నేను వినలేదు. నా చెవుల్లో ఇంజను అరుస్తోంది. బల్ల మీద ఉన్న ఉక్కు స్కేలు తీసుకుని టీ తాగుతున్న వాళ్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ మామయ్యగారు, ముగ్గురు పనివాళ్లు ఉన్నారు. అందులో ఒకతన్ని అందరూ రేడియో అంటారు, నోరు మూతపడదు కాబట్టి.

"మామయ్యా, ఎడమ ప్రొపెల్లర్‌కి పెదవి లేదు. పాలిష్‌లో పోయింది."

రేడియో ఆగిపోయింది.

మామయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"నా గోరు చెప్పింది."

"నీ గోరా? నువ్వొచ్చి ఎన్నాళ్లైంది అమ్మాయ్?"

"నలభై మూడు రోజులు."

"నేను ముప్పై ఆరేళ్లు. పద."

ఆయన పెద్ద అంగలు వేసుకుంటూ పడవ దగ్గరికి నడిచారు. మా ఆయన అడ్డం రాబోతే చేత్తో పక్కకి తోసేశారు. ఎడమ ప్రొపెల్లర్ మీద బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకుని, అంచు పొడవునా నెమ్మదిగా జరిపారు.

"ఉందిగా! ఇదిగో, నిండుగా ఉంది."

అందరూ చూస్తున్నారు. ఆయన వేలి కింద నున్నటి ఇత్తడి తప్ప ఏమీ లేదు. అప్పుడు నేను ఆగిపోయి ఉంటే బాగుండేదని ఆ తర్వాత మా ఆయన అన్నాడు. నేను ఆగలేదు. గోడ మీది గడియారంలో అప్పటికే పన్నెండు.

"కుడిది కూడా చూడండి మామయ్యా."

చూశారు. "రెండూ ఒకటే."

"కళ్లు తెరిచి చూడండి."

స్కేలు అంచుని కుడి రెక్కకు ఆనించాను. పెదవి స్కేలుని కొంచెం ఎత్తి పట్టుకుంది. కింద సన్నటి వెలుగు గీత మెరిసింది. అదే స్కేలు ఎడమ రెక్కకు ఆనించాను. వెలుగు లేదు. ఉక్కు ఇత్తడికి అతుక్కున్నట్టు పడుకుంది. ఆయన నా చేతిలోంచి స్కేలు లాక్కుని తనే ఆనించారు. రెండో రెక్క. మూడోది. ఐదోది అయ్యాక మళ్లీ మొదటిది.

తర్వాత తన బొటనవేలిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు.

"ఇవాళ తోలేది ఎవరు?" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

"నేనే," అన్నాడు మా ఆయన.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు నాన్నా."

నేను ఇంతవరకూ ఆ షెడ్డులో అంత పెద్ద గొంతు వినలేదు. రేకులు మోగాయి.

"తెలిసీ మలుపు తిప్పుదామనుకున్నావా? నాకోసమా? ఒరేయ్, నా వేళ్లు పోయాయి, బుర్ర పోలేదు! ఒక్క మాట చెబితే ఏం, నేను చచ్చిపోతానా? మీ అమ్మ గుండీలు పెడుతుంటే నాకు సిగ్గు లేదనుకున్నావా? ఉంది! ఉన్నా చొక్కా వేసుకునే వస్తున్నాగా! దానికి బదులు నిన్ను ఏట్లోంచి బయటికి తీసుకొచ్చి నా ముందు పడుకోబెడితే, అప్పుడు నా పరువు నిలబడేదా?"

"నాన్నా, మీరు బాధపడతారని..."

"బాధపడనీ! బాధపడితే ఎవడూ మునగడు."

ఆయన జేబులోంచి ఫోను తీశారు. అంకె నొక్కడానికి మూడుసార్లు ప్రయత్నించారు. వేలు పక్కకి పోతోంది. ఎవరూ సాయం వెళ్లలేదు. వెళ్లే ధైర్యం నాకూ లేదు. నాలుగోసారికి కలిసింది.

"కెప్టెన్ గారూ, ఇవాళ రాకండి. పడవ సిద్ధంగా లేదు... లేదు, ఇంజను కాదు. ప్రొపెల్లర్ నేనే పాడుచేశాను. నేనే, నా చేత్తోనే... వేరే జత లేదు... ఎప్పటికో చెప్పలేను. పెదవి మళ్లీ మలచాలి. మలిచేది నేను కాదు, మావాడికి నేర్పాలి ముందు."

అవతల కెప్టెన్ గట్టిగానే మాట్లాడాడు. ఆర్డరు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందన్న మాట మాకందరికీ వినిపించింది. మామయ్యగారు "మీ ఇష్టం" అని పెట్టేశారు.

"అమ్మాయ్."

"మామయ్యా."

"పనివాళ్ల ముందు నా చేతి సంగతి బయటపెట్టావు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. వారం దాకా పోదు."

"మీ అబ్బాయి మీద నా కోపం నెలైనా పోదు."

"వాడిని తిట్టే వరసలో నేను ముందున్నాను. నువ్వు నా వెనకాల నిలబడు."

నవ్వు రాలేదు నాకు. మామూలు రోజైతే నవ్వి నవ్వి చచ్చేదాన్ని. మా ఆయన నా వైపు చూశాడు. నేను పడవ వైపు చూశాను. ఈ మనిషి మూడు గంటలకి ఆ చక్రం దగ్గర కూర్చునేవాడు, నేను ఒడ్డున పుస్తకం పట్టుకుని అంకెలు రాసుకునేదాన్ని అన్న ఆలోచన నన్ను ఇంకా వదల్లేదు. కొట్టాలనిపించింది. గట్టిగా పట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేదు.

"ఊరికే నిలబడతారేం? విప్పండి దాన్ని," అన్నారు మామయ్యగారు.

మా ఆయన పెద్ద పానా తెచ్చి నట్టు వదులు చేశాడు. ప్రొపెల్లర్ బరువు నలభై కిలోల పైనే. ఒక్కరి వల్ల కాదు. మామయ్యగారు ఒక పక్క పట్టుకున్నారు. రేడియో ముందుకు రాబోతే ఆయన తల అడ్డంగా ఊపి, గడ్డంతో నాకు సైగ చేశారు. వెళ్లి రెండో పక్క పట్టుకున్నాను. ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా, ఊపిరి బిగబట్టి, దాన్ని ఇరుసు మీంచి లాగి కిందికి దించాం.