చల్లగా ఉన్న డబ్బా

ఆ రోజు ఇంట్లో అక్క, బావ, బావ వాళ్లమ్మ, నేను ఉన్నాం. అక్క వేసిన బొమ్మలు కూడా ఉన్నాయి గానీ, అవి ఉన్నట్టో పోయినట్టో ఎవరికీ తెలియదు. ఒక నల్ల డబ్బాలోని పెద్ద డిస్కులో ఉన్నాయవి. ఆ డిస్కు ముందురోజు నుంచి టిక్కు టిక్కుమంటోంది.

అక్క పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. మర్నాడు పొద్దున ఒక ప్రచురణ సంస్థకు తన మొదటి పూర్తి పుస్తకం చూపించాలి. ఆ బొమ్మలు నల్ల డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు.

“బొమ్మల వరకు తీసివ్వండి చాలు,” అంది అక్క.

“అలా తీయకూడదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని మాటిమాటికీ కదిలిస్తారా ఎవరైనా? మొత్తం ఉన్నదున్నట్టు ఒక్కసారి నకలు తీసేస్తే, తర్వాత ఆ నకల్లో ఎంత వెతుక్కున్నా భయం లేదు,” అన్నాడు బావ. ఆఫీసులో ఆయన పని అదే. ఇంట్లో ఆయన మాట చెల్లేది కూడా ఆ ఒక్క విషయంలోనే.

బావ తన కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడుపుతాడు. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారట. నకలు తీసే సరంజామా అంతా అందులో ఉంటుందట. మా ఊరి బళ్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌కీ ఎప్పుడూ గుడ్డ కప్పే ఉండేది కాబట్టి, దాని లోపల ఏముందో నేనెన్నడూ చూడలేదు.

పని మొదలైంది. మిగిలిన సమయం పదకొండు రోజులని తెర మీద వచ్చింది.

“నాకు రేపటికి కదా కావాలి!” అంది అక్క.

“మొదట్లో అలాగే చూపిస్తుంది. కాసేపట్లో దారికొస్తుంది.”

కాసేపటికి అది పన్నెండు రోజులైంది.

“ఇదేనట్రా దారికి రావడం?” అన్నారు అత్తయ్య, చొక్కాకి గుండీ కుడుతూ.

బావ వైరు మార్చాడు. వైరు గుచ్చే చోటు మార్చాడు. లోపలి కంప్యూటర్‌కి మెమరీ పెంచాడు. ఆఫీసు స్నేహితుడికి ఫోన్ చేస్తే, అతనూ వైరే మార్చమన్నాడు.

“మీరిద్దరూ ఒకే కాలేజీ కదూ,” అంది అక్క. నవ్వుతూనే అంది గానీ గోళ్లు కొరకడం ఆపలేదు.

బావ చూపు నా మీద పడింది. “ఏం మరదలా, డబ్బాలు వేడెక్కితే ఇంకా నెమ్మదిస్తాయి. ఈ అట్టముక్కతో విసురు. జీతం మాత్రం లేదు, ముందే చెప్తున్నా.”

నేల మీద కూర్చుని విసిరాను. నల్ల డబ్బా పక్కన కొత్త నీలం డబ్బా ఉంది. నకలు వెళ్లాల్సింది దాంట్లోకే. చెయ్యి పెట్టి చూశాను. నల్లది ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. నీలంది గచ్చులా చల్లగా ఉంది. పొద్దుట్నుంచీ పని చేస్తున్నది అలా ఎందుకుంటుంది? బావతో చెప్పడానికి నోరు రాలేదు. అక్క చెవిలో చెప్పాను.

“ఏంటి, లాయర్ని పెట్టుకుని మాట్లాడతావా నాతో?” అన్నాడు బావ.

“నీలం డబ్బా చల్లగా ఉందంటోంది,” అంది అక్క.

“అంతలా విసిరితే చల్లబడదా మరి? ఏం చెయ్యి, ఏం చెయ్యి!”

“నల్లదానికీ ఆ చెయ్యే కదా విసిరింది,” అన్నాను. అన్నది నేనేనని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

బావ నవ్వు సగంలో ఆగింది. ఒంగి నీలం డబ్బా పట్టుకున్నాడు. దానికి చెవి ఆనించాడు. తెర మీద ఏవేవో తెరిచి చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

లోపలి కంప్యూటర్‌కి సొంత డిస్కంటూ ఉండదట. బయటున్న ఒక పెద్ద ఫైలుని చూపించి, అదే నీ డిస్కని నమ్మిస్తారట. బావ ఎప్పుడో తన కంప్యూటర్లో చోటు చాలక ఆ ఫైలుని అక్క నల్ల డబ్బాలో పెట్టి మర్చిపోయాడు. ఇవాళ నీలం డబ్బా అనుకుని నకలుని ఆ ఫైల్లోకే పంపాడు. పాపం, ఆ ముసలి డిస్కు తనని తనే చదువుకుంటూ, తనలోనే రాసుకుంటూ, ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెడుతోంది.

“అంటే రోగి చేతే మంచం మోయిస్తున్నావన్నమాట,” అన్నారు అత్తయ్య.

“నా డబ్బాలో ఎవర్నడిగి పెట్టారు?” అంది అక్క.

“పెళ్లయ్యాక కూడా అడగాలా?”

“నా బొమ్మలు రాకపోతే ఆ సామానుతో సహా మిమ్మల్నీ బయటికి పంపిస్తా.”

బావ వెంటనే ఆ నకలు ఆపేశాడు. తన కంప్యూటర్లో సినిమాలన్నీ తుడిచేసి, ఆ చోట్లో కొత్తగా ఇంకో లోపలి కంప్యూటర్ తయారుచేసి, ఈసారి నీలం డబ్బాని నేరుగా దానికి అప్పగించాడు. రెండు డబ్బాల దీపాలూ మిణుకుమన్నాయి. రోజులు పోయి గంటలొచ్చాయి.

“వెచ్చబడిందా మరదలా?”

తల ఊపాను.

“నోటితో చెప్పు, లాయర్ ఖర్చు తప్పుతుంది.”

“వెచ్చబడింది బావా.”

అక్క అన్నం తినలేదు. మధ్యలో నల్ల డబ్బా రెండుసార్లు టిక్కుమని ఆగింది. ఆగినప్పుడల్లా అత్తయ్య సూది కూడా ఆగింది. పొద్దువాలే వేళకి నకలు పూర్తయింది. అక్కా బావా కుర్చీలు దగ్గరికి లాక్కుని బొమ్మలు తెరిచారు. నేను గుమ్మంలోంచి చూశాను.

మొదటి బొమ్మలో రెండు జడల పిల్ల. ఇంటికి చుట్టాలొస్తే బల్ల కింద దూరి, బల్ల మీది గుడ్డ ఎత్తి ఒక కన్నుతో చూస్తోంది.

బావ ఆ పిల్లని చూశాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మళ్లీ ఆ పిల్లని చూశాడు.

“అరే, ఇది మన...”

అక్క గబుక్కున లేచి వచ్చింది. ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి.

“అన్నీ ఉన్నాయా అక్కా?”

“ఉన్నాయే తల్లీ, అన్నీ ఉన్నాయి. నువ్వు మాత్రం పుస్తకం వచ్చాకే చూడాలి,” అంటూ నా మొహం మీదే తలుపు వేసేసింది.