రాగి, అల్యూమినియం

కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేసే భవ్యకు చిన్నాన్న కూతురు దీక్షిత కొత్త కంప్యూటర్‌ను చూడగానే కడుపు మండింది. నీళ్లతో చల్లబడే అలాంటి కంప్యూటర్ కోసం తను మూడేళ్లుగా ఆశపడుతోంది.

"అక్కా, రేడియేటర్ రాగిది. ప్రాసెసర్ మీద గీ అల్యూమినియం బ్లాక్ పెట్టొచ్చా? మస్తు మెరుస్తది," అంది దీక్షిత.

రెండూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం పాడైపోతుందని భవ్యకు తెలుసు. అయినా, "పెట్టుకో," అంది.

"నువ్వు చెప్పినవంటే ఇగ రంది లేదు," అంటూ దీక్షిత స్క్రూలు తీసింది. ఆ మాటకు భవ్య తల వంచుకుంది.

"వద్దే. అల్యూమినియం తుప్పు వడ్తది, నీళ్లు కారి మొత్తం ఖరాబైతది. కుళ్లుకొని ఇందాక నిజం చెప్పలే."

దీక్షిత ముఖం మాడింది. ఆ బ్లాక్‌ను పక్కన పెట్టేసి, "రాగిదే తెస్త. నువ్వే బిగియ్యి," అంది.

వారానికి భవ్యే బిగించింది. కంప్యూటర్ చప్పుడు లేకుండా నడుస్తుంటే, అది తనదైతే ఎంత బాగుండునో అనుకుంది.